బండల ఆఫీసు మెయిల్, బ్రౌజర్ మార్పు: పది వారాల డైరీ

కడప ఎర్రముక్కపల్లి దగ్గర మా నల్లబండల వ్యాపారం ఆఫీసులో నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి. లెక్కలు రాయడం నా ఉద్యోగం. కంప్యూటర్లు చూసుకోవడం కూడా, వేరే ఎవరూ లేనందువల్ల, నా నెత్తిమీదికే వచ్చింది. చిన్న ఆఫీసుల్లో ఇదే పని తలకెత్తుకున్నవాళ్ళు నేను చేసిన తప్పులు మళ్ళీ చేయకుండా ఉండటానికి ఈ డైరీని అంకెలతో సహా ఉంచుతున్నాను.

పని మొదలుపెట్టేనాటికి ఉన్నవి:

1. ఆర్డర్ల కంప్యూటరు: మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 7, విండోస్ లైవ్ మెయిల్, క్రోమ్ 109.
2. లెక్కల కంప్యూటరు: పదో తరం ఐ5, విండోస్ 10, ట్యాలీ.
3. కాటా దగ్గరి కంప్యూటరు: విండోస్ 10, లారీ రసీదులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు.
4. యజమాని ల్యాప్‌టాప్: విండోస్ 11, క్రోమ్.

మొదటిదాని పరిస్థితి చూడండి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న మద్దతు ఆపేసింది. లైవ్ మెయిల్‌కు 2017 జనవరిలోనే ఆగిపోయింది. విండోస్ 7 మీద నడిచే చివరి క్రోమ్ 109. దాని తర్వాతి వెర్షన్లు 2023 నుంచి ఆ యంత్రంలో ఎక్కనే ఎక్కవు. బయటినుంచి వచ్చే ప్రతి మెయిలూ మొదట తెరుచుకునేది ఈ యంత్రంలోనే.

1వ దశ: తుడిచివేత (2025 అక్టోబరు 27 – నవంబరు 2)

సోమవారం పొద్దున ఆర్డర్లు చూసే అక్క పిలిచింది. "అన్నా, ఈ పర్చేజ్ ఆర్డరు తెరిస్తే ఏమీ రాలే. ఇంగోసారి నొక్కినా, అప్పుడూ రాలే" అంది. తెర మీద ఎర్రటి పీడీఎఫ్ బొమ్మతో "పీవో_4471.పీడీఎఫ్" అనే పేరు కనబడుతోంది. ఫోల్డరు ఐచ్ఛికాల్లోకి వెళ్ళి, తెలిసిన ఫైళ్ళ ఎక్స్‌టెన్షన్లు దాచిపెట్టే టిక్కు తీసేశాను. పేరు చివర ఇంకో ముక్క బయటపడింది: "పీవో_4471.పీడీఎఫ్.ఈఎక్స్ఈ". అంటే అది పత్రం కాదు, నొక్కితే నడిచే ప్రోగ్రాము. 2000 మేలో ప్రపంచాన్ని చుట్టేసిన ఐ లవ్ యూ వైరస్ కూడా ఇదే ఎత్తు వేసింది. చూడటానికి టీఎక్స్‌టీ అనే సాదా అక్షరాల ఫైలు, తోక మాత్రం వీబీఎస్, అంటే నొక్కితే నడిచే స్క్రిప్టు. ఇరవై అయిదేళ్ళ తర్వాత కూడా విండోస్ ఆ తోకను మామూలుగా దాచిపెడుతూనే ఉంది.

చేసినవి, చేసిన వరుసలోనే:

1. నెట్ కేబుల్ పీకేశాను. కంప్యూటరు ఆపలేదు.
2. మెయిల్ పాస్‌వర్డు మార్చాను. తప్పు ఇక్కడ జరిగింది. కంగారులో కేబుల్ మళ్ళీ పెట్టి, అదే కంప్యూటరులో మార్చాను. బ్యాంకు పాస్‌వర్డు కూడా మార్చిన తర్వాత గానీ తెలివి రాలేదు. ఇలాంటి ప్రోగ్రాములు చాలావరకు బ్రౌజరులోనూ మెయిల్ ప్రోగ్రాములోనూ దాచుకున్న పాస్‌వర్డులు దోచడానికీ, కీబోర్డు మీద కొట్టేవి గమనించడానికీ వచ్చేవే. ఆ రెండింటితో కలిపి మొత్తం 17 పాస్‌వర్డులను యజమాని ఫోనులో మళ్ళీ మొదటినుంచి మార్చాల్సి వచ్చింది. ముందు మెయిల్‌ది, తర్వాత బ్యాంకులవి, చివర మిగతావి. మెయిల్ చేతిలో ఉన్నవాడు "పాస్‌వర్డు మరిచిపోయాను" అనే బటన్‌తో మిగతావన్నీ తెరవగలడు గనుక ఈ వరుస.
3. లినక్స్ మింట్ (విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవుతో కంప్యూటరును లేపి, లోపలి విండోస్‌ను లేవనీయకుండానే, పాత మెయిళ్ళను బయటి డిస్కులోకి కాపీ చేశాను. లైవ్ మెయిల్ ప్రతి మెయిల్‌నూ విడి ఈఎమ్ఎల్ ఫైలుగా దాస్తుంది. యూజరు ఫోల్డరులోని ఆప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్ దారిలో ఆ పేరుతోనే ఫోల్డరు ఉంటుంది. 11,640 ఫైళ్ళు, 3.1 జీబీ.
4. డిస్కు మొత్తం తుడిచేశాను. యాంటీవైరస్‌తో శుభ్రం చేసి వాడుకోవచ్చు కదా అని యజమాని అడిగారు. ఏం మిగిలిందో చెప్పలేని యంత్రంలో బ్యాంకు పని చేయలేనని చెప్పాను.

పెట్టె విప్పినప్పుడు ప్రాసెసరు మీది రెక్కల సందుల్లో నల్లబండ దుమ్ము అట్టకట్టి ఉంది. మెత్తని బ్రష్షుతో అరగంట దులిపాను. వైరస్‌కూ దీనికీ సంబంధం లేదు గానీ, పాలిష్ యూనిట్ పక్కన కంప్యూటరు పెట్టుకున్నవాళ్ళు ఆరు నెలలకోసారి పెట్టె విప్పి చూడటం మంచిది.

*ఇప్పటివరకు: ఖర్చు 5,000 రూపాయలు (1 టీబీ బయటి డిస్కు 4,300, రెండు పెన్‌డ్రైవులు 700). సమయం 8 గంటలు.*

2వ దశ: లెక్కింపు (నవంబరు 3 – 16)

కొత్త ప్రోగ్రాము ఎంచుకునే ముందు, అసలు ఏం వస్తోందో రెండు వారాలు లెక్కపెట్టాను. ఈ రోజుల్లో మెయిల్ పని హోస్టింగ్‌వాళ్ళ వెబ్‌మెయిల్‌లో నా సొంత ల్యాప్‌టాప్ నుంచి నడిపించాను.

- మొత్తం మెయిళ్ళు: 1,212
- పనికొచ్చేవి: 341
- చెత్త: 871
- చెత్తలో అటాచ్‌మెంట్ ఉన్నవి: 46
- వాటిలో ప్రమాదకరమైనవి: 19 (జిప్‌లో ఈఎక్స్ఈ ఉన్నవి, మాక్రోలున్న వర్డ్ ఫైళ్ళు, లాగిన్ పేజీలా కనబడే హెచ్‌టీఎమ్ఎల్ ఫైళ్ళు)

ఈ 871లో 512 మా ఆఫీసులో లేని పేర్లకు వచ్చినవి. సేల్స్, అడ్మిన్, హెచ్ఆర్, చివరికి జాన్ అనే పేరుకు కూడా వచ్చాయి. మా డొమైన్‌కు క్యాచ్-ఆల్ అనే అమరిక ఆన్‌లో ఉంది; @ గుర్తుకు ముందు ఏ పేరు పెట్టి పంపినా మా పెట్టెలో పడుతుంది. ఎప్పుడో ఎవరో, ఒక్క ఆర్డరు కూడా తప్పిపోకూడదని పెట్టి ఉంటారు. దాన్ని తీసేసి, వాడుకలో ఉన్న మూడు చిరునామాలే ఉంచాను. తర్వాతి 14 రోజుల్లో మొత్తం 706 వచ్చాయి; అందులో చెత్త 358, పనికొచ్చేవి 348. పైసా ఖర్చు లేకుండా, ఏ ప్రోగ్రామూ మార్చకుండా, సగానికి పైగా చెత్త పోయింది. నేను ఈ పని పాస్‌వర్డుల తర్వాత వెంటనే చేసి ఉండాల్సింది.

*ఇప్పటివరకు: ఖర్చు 5,000. సమయం 12 గంటలు.*

3వ దశ: ఎంపిక (నవంబరు 17 – 23)

ఏ మెయిల్ ప్రోగ్రాము ఎక్కువ వైరస్‌లు పడుతుందనేది నేను చూడలేదు. మెయిల్ తెరిచినప్పుడు మనం చెప్పకుండా అది తనంతట తాను ఏమేం చేస్తుందో చూశాను. బయటి బొమ్మలు తెచ్చుకుంటుందా, మెయిల్‌లోని స్క్రిప్టులు నడుపుతుందా, పాస్‌వర్డును గుప్తీకరించకుండా పంపుతుందా అన్నవి నా ప్రశ్నలు. బ్రౌజరు విషయంలో ఇంకొకటి కలిపాను: సైట్లు నోటిఫికేషన్లు పంపుతామని అడిగితే, అడగనీయకుండానే వద్దనే వీలుందా?

మెయిల్‌కు థండర్‌బర్డ్, బ్రౌజరుకు ఫైర్‌ఫాక్స్ తీసుకున్నాను. థండర్‌బర్డ్ బయటి బొమ్మలను మామూలుగానే ఆపేస్తుంది. ఇది అందం కోసం కాదు. ఒక చుక్కంత బొమ్మ పంపినవాడి సర్వరు నుంచి దిగిందంటే, ఈ చిరునామా వెనక మనిషి ఉన్నాడని వాడికి తెలిసిపోతుంది. ఆ తర్వాత వచ్చే చెత్తకు లెక్క ఉండదు. వెబ్‌మెయిల్‌తోనే సరిపెట్టుకుందామా అనుకున్నాను గానీ, పాత మెయిళ్ళలో వెతకడానికి అక్కకు రోజూ గంటసేపు పట్టేది.

అసలు చిక్కు కంప్యూటరుతో వచ్చింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరు, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, మూడో తరానికి దారి లేదు. విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. అందుకని 240 జీబీ ఎస్ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేసి, లినక్స్ మింట్ ఎక్కించాను. ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ దానితోనే వస్తాయి. ముందు మూడు నిమిషాలు పట్టే బూటింగు 31 సెకన్లకు దిగింది.

రెండో రోజే దెబ్బ తగిలింది. డ్రైవర్లకిచ్చే తెలుగు చీటీలు, కూలీల హాజరు పట్టీలు అన్నీ అనూ ఫాంట్లలో కొట్టినవి. అన్ని కంప్యూటర్లూ చదవగల యూనికోడ్ కానందున మింట్‌లో తెరిస్తే అంకెలూ గుర్తులూ కలగలిసిన గందరగోళం కనబడింది. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్‌తో అనూ నడపాలని ఒక సాయంత్రం వృథా చేశాను. మరునాడు సాఫ్ట్‌వేరును వదిలేసి పనులను మార్చాను:

1. ఆర్డర్ల కంప్యూటరు ఇక మెయిల్‌కూ బ్రౌజింగుకే. ఇందులో ట్యాలీ, అనూ ఉండవు.
2. తెలుగు చీటీలు లెక్కల కంప్యూటరుకు వెళ్ళాయి. దానికి విండోస్ 11 వేశాను. అందులో ఏ మెయిల్ ప్రోగ్రామూ ఉండదు.
3. కాటా కంప్యూటరుకు ఇంటర్నెట్ తీసేశాను. లోపలి నెట్‌వర్కులో లెక్కల కంప్యూటరుతో మాత్రం మాట్లాడుతుంది.

అక్కకు మొదట కష్టంగా అనిపించింది. చీటీ కావాలంటే లేచి నా బల్ల దగ్గరికి రావాలి. నాకైతే ఈ ప్రాజెక్టులో బాగా కుదిరిన పని ఇదే. తెలియనివాళ్ళు పంపినవి తెరిచే యంత్రం వేరు, డబ్బు లెక్కలుండే యంత్రం వేరు.

*ఇప్పటివరకు: ఖర్చు 7,700 (ఎస్ఎస్‌డీ 1,900, ర్యామ్ 800). సమయం 21 గంటలు.*

4వ దశ: పాత మెయిళ్ళ తరలింపు (నవంబరు 24 – 30)

పాత అమరికలో పాప్ పద్ధతి, పోర్టు 110 ఉన్నాయి. అంటే ప్రతి అయిదు నిమిషాలకూ మా పాస్‌వర్డు మామూలు అక్షరాల్లో ప్రయాణం చేసేది. దిగిన మెయిల్ సర్వరులో ఉండేది కాదు కూడా. ఇప్పుడు మెయిళ్ళను సర్వరులోనే ఉంచే ఐమ్యాప్, పోర్టు 993, పంపడానికి పోర్టు 465, రెండింటికీ ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ గుప్తీకరణ.

పాత మెయిళ్ళను విండోస్ ఉన్న నా ల్యాప్‌టాప్‌లోని థండర్‌బర్డ్‌లోకి ముందు ఎక్కించి, ఆ ప్రొఫైల్ ఫోల్డరును (మెయిళ్ళూ అమరికలూ ఉండేది) ఆర్డర్ల కంప్యూటరుకు మోసుకుపోవాలనుకున్నాను. ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ ఎన్‌జీ అనే యాడ్-ఆన్ ఒక ఫోల్డరులోని ఈఎమ్ఎల్ ఫైళ్ళన్నిటినీ ఒక్కసారే ఎక్కిస్తుంది. గంటంబావు పట్టింది. టీ తాగి వచ్చి చూస్తే ఆ ఫోల్డరులో ఒక్క మెయిలూ లేదు.

జరిగింది ఇది. థండర్‌బర్డ్ మామూలుగా ఒక ఫోల్డరులోని మెయిళ్ళన్నిటినీ ఎమ్‌బాక్స్ పద్ధతిలో ఒకే పెద్ద ఫైలుగా దాస్తుంది. పాత మెయిళ్ళలో ఎక్కడో ఒక వైరస్ అటాచ్‌మెంట్ ఉంది. నా ల్యాప్‌టాప్‌లోని యాంటీవైరస్ దాన్ని చూసి, ఆ ఒక్క మెయిల్‌ను విడదీయడం చేతకాక, ఫైలు మొత్తాన్నీ క్వారంటైన్‌లో పెట్టింది. అంటే పదకొండు వేల చిల్లర మెయిళ్ళు ఒక్క దెబ్బకు మాయమయ్యాయి. అసలు ఈఎమ్ఎల్ ఫైళ్ళు బయటి డిస్కులో ఉన్నందువల్ల బతికిపోయాను.

మళ్ళీ చేసిన తీరు:

1. ఈఎమ్ఎల్ ఫైళ్ళను విడివిడిగా ఉన్నప్పుడే స్కాన్ చేశాను. 27 పట్టుబడ్డాయి, వాటిని తీసేశాను.
2. థండర్‌బర్డ్ సెట్టింగుల్లో, గోప్యత–భద్రత విభాగంలో, వచ్చే మెయిళ్ళను యాంటీవైరస్ ఒక్కొక్కటిగా క్వారంటైన్ చేసుకోవడానికి అనుమతించే టిక్కు పెట్టాను.
3. మిగిలిన 11,613 మెయిళ్ళను సంవత్సరానికో ఫోల్డరుగా, లోకల్ ఫోల్డర్లలోకే ఎక్కించాను. ఒకటి పాడైనా మిగతావి ఉంటాయి.
4. ప్రతి శనివారం సాయంత్రం థండర్‌బర్డ్ మూసి, ప్రొఫైల్ ఫోల్డరును బయటి డిస్కుకు కాపీ చేసి, డిస్కు పీకి బీరువాలో పెడుతున్నాను. కంప్యూటరుకు తగిలించి వదిలేసిన డిస్కును, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ కూడా చూస్తుంది.

*ఇప్పటివరకు: ఖర్చు 7,700. సమయం 28 గంటలు.*

5వ దశ: జంక్ వడపోత (డిసెంబరు 1 – 21)

ఎక్కువ నష్టం జరిగింది ఇక్కడే, తప్పు కూడా పూర్తిగా నాదే.

థండర్‌బర్డ్ వడపోత నేర్పితే నేర్చుకునే రకం. ఏ మాటలు చెత్తలో ఎక్కువ, ఏవి మంచి మెయిళ్ళలో ఎక్కువ అని లెక్కగట్టి, కొత్తది ఎటువైపు మొగ్గుతుందో నిర్ణయిస్తుంది. దీని వెనకున్న సూత్రం పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లాండులో మతాచార్యుడైన థామస్ బేస్‌ది. లెక్క అన్నాక రెండు వైపులా తూకం ఉండాలి. నేను అక్కకు చెత్త గుర్తు ఒక్కటే చూపించాను. ఆమె ఒక్క కూర్చోవడంలో 400 మెయిళ్ళకు జంక్ గుర్తు పెట్టేసింది. "ఇది మంచిది" అని ఒక్కదానికీ పెట్టలేదు.

మొదటి వారం ఫలితం: 180 చెత్తలో 161 పట్టుబడ్డాయి. చూసి సంబరపడ్డాను. మంచి మెయిళ్ళు 172లో 14 కూడా జంక్‌లోకి పోయాయని గురువారం గానీ చూడలేదు. మాకు వచ్చే చెత్త లాటరీ చెత్త కాదు. "కొటేషన్", "కంటైనర్", "పర్చేజ్ ఆర్డర్", "స్లాబ్ సైజు" అంటూ మా వ్యాపారపు మాటలతోనే వస్తుంది. ఒక వైపే నేర్చుకున్న వడపోతకు మా కొనుగోలుదారులూ మోసగాళ్ళూ ఒకేలా కనబడ్డారు. బెంగళూరు ఫ్లోరింగ్ కాంట్రాక్టరు రెండు లారీల సరుకు అడిగిన మెయిల్ జంక్‌లో మూడు రోజులు పడి ఉంది. ఫోను చేస్తే వేరేచోట మాట్లాడుకున్నామన్నారు. "ఆ లోడు బేతంచర్లోళ్ళకు పోయె" అని యజమాని ఒక్క మాటే అన్నారు. నా చేతిలోని టీ చల్లారిపోయింది.

మార్చినవి:

1. సెట్టింగుల్లో జంక్ శిక్షణ మొత్తాన్నీ చెరిపేశాను. దానికి విడిగా బటన్ ఉంది.
2. మంచి మెయిళ్ళు 300 ఎంచి, "జంక్ కాదు" గుర్తు పెట్టాను. ఆ తర్వాతే 300 చెత్తకు జంక్ గుర్తు. ఈసారి రెండూ నేనే కూర్చుని చేశాను.
3. పాత కొనుగోలుదారుల చిరునామాలను అడ్రస్ బుక్‌లో చేర్చి, అందులో ఉన్నవాళ్ళ మెయిళ్ళను జంక్ అనుకోవద్దని చెప్పాను. మా సొంత చిరునామాను మాత్రం ఆ పుస్తకంలోంచి తీసేశాను. మన పేరుతోనే మనకు పంపే మోసగాడికి అది తెరిచిన తలుపు అవుతుంది.
4. జంక్‌ను చెరిపేయకుండా ఫోల్డరులోకి జరిపే అమరిక ఉంచాను. రోజూ 11 గంటలకూ 4 గంటలకూ అక్క ఆ ఫోల్డరు చూస్తుంది.

మూడో వారం ఫలితం: 176 చెత్తలో 163 పట్టుబడ్డాయి, 13 జారిపోయాయి. మంచివి 181లో పొరపాటుగా పోయింది ఒక్కటి. పట్టుబడే శాతం పెద్దగా మారలేదు, మంచివి పోవడం మాత్రం ఆగింది. వ్యాపారం చేసేవాళ్ళు చూసుకోవాల్సింది ఆ రెండో అంకెనే.

ఇదే దశలో మెయిళ్ళను పూర్తిగా సాదా అక్షరాల్లో చూపించే అమరిక ప్రయత్నించి రెండు రోజుల్లో వెనక్కి తీసుకున్నాను. రవాణావాళ్ళు పంపే పట్టికల గళ్ళన్నీ కలిసిపోయి, టన్నులూ అడుగులూ ఒకే వరుసలో వచ్చాయి. ఇప్పుడు "సింపుల్ హెచ్‌టీఎమ్ఎల్" మీద ఉంది. పట్టికలు నిలబడతాయి, స్క్రిప్టులూ అలంకారాలూ ఉండవు.

*ఇప్పటివరకు: ఖర్చు 7,700, పోయిన బేరం కాకుండా. సమయం 33 గంటలు.*

6వ దశ: బ్రౌజర్లు (డిసెంబరు 22 – 28)

యజమాని ల్యాప్‌టాప్‌లో కుడివైపు మూల రోజూ "మీ కంప్యూటరులో 5 వైరస్‌లున్నాయి" అని వస్తోందని ఆయన రెండు నెలలుగా చెబుతున్నారు. రెండుసార్లు స్కాన్ చేశాను, ఏమీ దొరకలేదు. దొరకదు కూడా, ఎందుకంటే అది వైరస్ కాదు. ఎప్పుడో ఏదో సైటు నోటిఫికేషన్లు పంపవచ్చా అని అడిగితే "అనుమతించు" నొక్కిన ఫలితం. క్రోమ్ సైట్ సెట్టింగుల్లో చూస్తే 23 సైట్లకు అనుమతి ఉంది, అందులో ఆయనకు తెలిసినవి రెండే. అన్నీ తీసేసి, ఇకమీదట ఏ సైటూ అడగకూడదని పెట్టాను. బ్రౌజరుకు తగిలించిన తొమ్మిది ఎక్స్‌టెన్షన్లలో (చిన్న అదనపు ప్రోగ్రాముల్లో) ఎనిమిది తీసేశాను.

ఆయనకూ ఫైర్‌ఫాక్స్ పెట్టి, ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ చేర్చాను. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చిన తర్వాత అందులో పూర్తి యూబ్లాక్ నడవడం లేదు; తేలికపాటి లైట్ రూపమే ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిది నడుస్తుంది.

అత్యుత్సాహంతో వడపోత జాబితాలన్నిటికీ టిక్కులు పెట్టేశాను. మరునాడు పొద్దున ఈ-వే బిల్లు ప్రింటు కిటికీ తెరుచుకోలేదు. 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఆ బిల్లు లేకుండా లారీ గేటు దాటదు. డ్రైవరు నలభై నిమిషాలు బండి కింద నీడలో కూర్చున్నాడు. జాబితాలను మొదట వచ్చినట్టే ఉంచి, ఆ ఒక్క సైటుకు పాప్-అప్ అనుమతి ఇచ్చాను. డిజిటల్ సంతకం టోకెన్ పని లెక్కల కంప్యూటరులో ఎడ్జ్ బ్రౌజరులోనే ఉంచాను, దాన్ని కదపలేదు. పాస్‌వర్డులు బ్రౌజరులో దాచడం అన్నిచోట్లా ఆపేసి, పాస్‌వర్డులను తాళం వేసి దాచే కీపాస్ఎక్స్‌సీ అనే ప్రోగ్రాములో పెట్టాము.

*ఇప్పటివరకు: ఖర్చు 7,700. సమయం 39 గంటలు.*

7వ దశ: మా పేరుతో వెళ్ళే మెయిళ్ళు (డిసెంబరు 29 – జనవరి 4)

చెన్నై కొనుగోలుదారు ఒకరు ఫోను చేసి, మీ బ్యాంకు ఖాతా మారిందట కదా అని అడిగారు. మేము అలాంటి మెయిల్ పంపలేదు. ఆయన డబ్బు పంపకముందే అడిగారు. పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయించేవాణ్ణి.

మా డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు చేర్చాను. మా తరఫున ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే పట్టీ అది. పాతది ఒకటి అప్పటికే ఉందని చూడకుండా రెండోది పెట్టాను. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండుంటే తనిఖీ తప్పుగా తేలుతుంది. ఫలితంగా రెండు రోజులు మా అసలు కొటేషన్లే కొందరి స్పామ్‌లో పడ్డాయి. రెండిటినీ కలిపి ఒకటి చేశాక సరిపోయింది. తనిఖీలో తప్పిన మెయిళ్ళను ఏం చేయాలో అందుకునేవాళ్ళ సర్వర్లకు చెప్పే డీమార్క్ అమరికను ముందు గమనించడానికే పెట్టాను. నివేదికల్లో మా సొంత సర్వర్లన్నీ సరిగ్గా కనబడితే, జనవరి 18న అనుమానపు మెయిళ్ళను స్పామ్‌లోకి నెట్టే దశకు మారుస్తాను.

*ఇప్పటివరకు: ఖర్చు 7,700. సమయం 42 గంటలు.*

శనివారం వడపోతను తప్పించుకున్న మెయిళ్ళలో ఒకటి మా పాత ఏజెంటు పేరుతోనే వచ్చింది, కింద ఫోను నంబరుతో సహా. అక్క అటాచ్‌మెంట్ ముట్టుకోలేదు. మెయిల్‌లోని నంబరుకు కాక, ఫైల్లో ఉన్న పోయినేడాది బిల్లు తీసి, దాని మీది నంబరుకు ఫోను చేసింది. ఆయన నెల రోజులుగా ఎవరికీ ఏమీ పంపలేదట.